తిమోతి మేత: తాబేళ్ళ ఆహారపు పట్టికలపై ఒక విమర్శ

పెంపుడు జంతువులను గూర్చి వ్రాసిన ప్రతి పుస్తకంలోను ఒక అధ్యాయం తప్పనిసరిగా ఉంటుంది. ఆ జంతువుకు ఏమి పెట్టవలెనో, ఏమి పెట్టకూడదో అందులో చెబుతారు. కుక్క, పిల్లి, చిలుక మొదలైన వాటి విషయంలో ఈ అధ్యాయంలో పొరపాటు దొర్లితే అది తరచు త్వరలోనే బయటపడుతుంది. జంతువు మేత మానివేస్తుంది, నీరసిస్తుంది. పెంచేవారు పశువైద్యుని వద్దకు తీసుకొనిపోతారు. తాబేలు సంగతి అలా కాదు. దాని శరీరంలో జీవక్రియలు చాలా మందంగా సాగుతాయి. తగని ఆహారం మీద కూడా అది ఏండ్ల తరబడి బ్రతికి ఉండగలదు. లోపం పైకి కనబడేనాటికి పెంకు మెత్తబడి, వంకరలు తిరిగి ఉంటుంది. ఒకసారి అలా తిరిగిన వంకర తరువాత ఎంత మంచి మేత పెట్టినా పూర్తిగా చక్కబడదు.

అందుచేత తాబేలు ఆహారాన్ని గూర్చి చెప్పిన మాటలను మరింత నిశితంగా పరీక్షించవలసి ఉన్నది. ఇక్కడ రెండు రకాల వ్రాతలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. ఒకటి, పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఒకే ఒక తాబేలును గూర్చి వ్రాసిన లేఖలు. రెండు, ఈ కాలంలో తాబేళ్ళను పెంచేవారి చేతికి అందుతున్న ‘పెట్టదగినవి, పెట్టరానివి’ అనే పట్టికలు. రసాయన జ్ఞానం అంతా ఈ పట్టికల పక్షాననే ఉన్నది. అయినా ఒక ముఖ్యమైన విషయంలో వైట్ లేఖలే మేలైనవని తేలుతుంది.

వైట్ చూచినది

గిల్బర్ట్ వైట్ 1720లో హాంప్‌షైర్ మండలంలోని సెల్బోర్న్ అనే గ్రామంలో జన్మించి, 1793లో అక్కడే మరణించాడు. తన ఊరి పక్షులను, పురుగులను, చెట్లను, వాతావరణాన్ని జీవితమంతా గమనించి వ్రాసిపెట్టుకొన్నాడు. థామస్ పెన్నెంట్, డేన్స్ బారింగ్టన్ అనే ఇద్దరు మిత్రులకు ఆయన వ్రాసిన లేఖలు ‘సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర’ అనే పేరుతో 1789లో గ్రంథంగా వెలువడినవి. ఆంగ్లంలో ప్రకృతి పరిశీలనకు ఒరవడి దిద్దిన గ్రంథాలలో అది ఒకటి.

ఆ లేఖలలో కనబడే తాబేలు మొదట వైట్‌ది కాదు. ససెక్స్ మండలంలోని రింగ్మర్‌లో ఉన్న ఆయన మేనత్త రెబెకా స్నూక్‌ది. గోడలు కట్టిన ఒక చిన్న ఆవరణలో ఆమె దానిని ముప్పది ఏండ్లకు పైగా పెంచింది. 1780లో ఆమె మరణించిన పిమ్మట, నేలలో పూడుకొని నిద్రిస్తున్న ఆ తాబేలును వైట్ త్రవ్వి తీసి, గుర్రపు బండిలో సెల్బోర్న్‌కు తెచ్చుకొన్నాడు. దాని పేరు తిమోతి. అది మగవాని పేరు. కాని తరువాతి కాలంలో పెంకును పరిశీలించినవారు అది ఆడ తాబేలని తేల్చినారు. వైట్ పోయిన మరుసటి ఏడు, 1794లో, తిమోతి కూడ చనిపోయింది. దాని పెంకు లండనులోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో భద్రపరచబడినది. వైట్ తన లేఖలలోను, దినచర్యలోను తిమోతిని గూర్చి వ్రాసిన భాగాలను ఏరి, సిల్వియా టౌన్సెండ్ వార్నర్ అనే రచయిత్రి 1946లో ఒక చిన్న గ్రంథంగా కూర్చింది.

తిమోతి మేతను గూర్చి వైట్ మూడు సంగతులు చెప్పాడు; వాటిలో మొదటి రెండు 1772 ఏప్రిల్‌లో బారింగ్టన్‌కు వ్రాసిన లేఖలోనివి. వసంతంలో నేల వెలుపలికి వచ్చిన కొత్తలో తాబేలుకు తిండి మీద ఆసక్తి ఉండదు. నడి వేసవిలో అది ఆబగా తింటుంది. వేసవి తగ్గినకొద్దీ ఆకలి కూడ తగ్గి, శరత్కాలంలో చివరి ఆరు వారాలు దాదాపు ఏమీ ముట్టదు. ఇది మొదటి సంగతి. దానికి అన్నిటికంటె ఇష్టమైనవి లెట్యూస్, డాండిలయన్, సోథిసిల్ వంటి పాలుగారే మొక్కలు. ఇది రెండవది. ఇక మూడవది ఎండను గూర్చినది. శరత్కాలపు నీరెండలో తాబేలు పండ్లచెట్లు అల్లుకొన్న గోడ చెంతకు చేరి, గోడకు తన పెంకును ఏటవాలుగా ఆనించి, పడిన ప్రతి కిరణాన్నీ అందుకొనటానికి ప్రయత్నిస్తుందని వైట్ గమనించాడు.

మేతను గూర్చి వ్రాస్తూ ఎండను గూర్చి వ్రాయటం అప్పటి పాఠకులకు అప్రస్తుతంగా తోచి ఉండవచ్చును. ఇప్పుడు అలా తోచదు. తాబేలు తిన్న కాల్షియం ఎముకకు, పెంకుకు చేరవలెనంటే విటమిన్ డి కావలెను. సూర్యకాంతిలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడినప్పుడు ఆ విటమిన్ తయారవుతుంది. అంతేకాదు, తాబేలు శీతలరక్త ప్రాణి. బయటి వేడి వలననే దాని జీర్ణక్రియ సాగుతుంది. ఎండ లేనప్పుడు కడుపు నింపితే మేత లోపలనే పులిసిపోయే ప్రమాదం ఉన్నది. శరత్కాలంలో తిమోతి ఉపవాసం ఉండటం అరుచి వలన కాదు. శీతాకాల సుప్తావస్థకు పోవటానికి ముందు ప్రేగులు ఖాళీ చేసుకొనే పద్ధతి అది. చలిదేశాలలో తాబేళ్ళను పెంచేవారు ఈనాడు కూడ సుప్తావస్థకు ముందు కొన్ని వారాలపాటు మేత ఆపుతారు.

వైట్‌కు ఇవేవీ తెలియవు. హంఫ్రీ డేవీ కాల్షియాన్ని మూలకంగా వేరుచేసినది 1808లో. విటమిన్ డి ఉనికి 1922లో గాని తెలియరాలేదు. కారణాలు తెలియకపోయినా, కార్యాన్ని ఉన్నదున్నట్లు వ్రాసినందున, వైట్ వ్రాసినదానికి తరువాతి శాస్త్రం వచ్చి కారణం చెప్పగలిగింది. ఆయన మేతను ఋతువుతోను, ఎండతోను, జంతువు నడవడితోను కలిపి చూశాడు. తాబేలును పలుమార్లు తూచి బరువు కూడ వ్రాసిపెట్టుకొన్నాడు. ఇదే ఆయన వ్రాతలోని ప్రధాన గుణం.

లెట్యూస్ మీద వచ్చిన అపవాదు

వైట్ పేర్కొన్న మూడు మొక్కలలో మొదటిది లెట్యూస్. ఈనాటి పట్టికలు కొన్నిటిలో లెట్యూస్ నిషిద్ధం. అది వట్టి నీరు, అందులో ఏమీ లేదని కారణం చెబుతారు. ఈ రెండు మాటలకు పొత్తు కుదురుతుందా? అమెరికా వ్యవసాయ శాఖవారి ఆహార పట్టికలను తీసుకొని లెక్క వేసి చూడవచ్చును. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులు నల్లబల్ల మీద చేయదగిన లెక్కే.

కోసుకూరలా ఉండ చుట్టుకొని పెరిగే ఐస్‌బర్గ్ అనే లెట్యూస్ 100 గ్రాములలో నీరు 95.6 గ్రాములు, మాంసకృత్తులు 0.9 గ్రాము, పీచు 1.2 గ్రాములు, కాల్షియం 18 మిల్లీగ్రాములు, భాస్వరం 20 మిల్లీగ్రాములు ఉన్నవి. డాండిలయన్ ఆకు 100 గ్రాములలో నీరు 85.6 గ్రాములు, మాంసకృత్తులు 2.7 గ్రాములు, పీచు 3.5 గ్రాములు, కాల్షియం 187 మిల్లీగ్రాములు, భాస్వరం 66 మిల్లీగ్రాములు ఉన్నవి. పైపైన చూస్తే డాండిలయన్ అన్నిటిలోను మూడు రెట్లు గాని, అంతకు మించి గాని మెరుగని తోస్తుంది.

కాని నీరు తీసివేసి, మిగిలిన ఎండు పదార్థాన్ని మాత్రమే పోల్చి చూడవలెను. లెట్యూస్‌లో ఎండు పదార్థం 4.4 గ్రాములు, డాండిలయన్‌లో 14.4 గ్రాములు. అప్పుడు ఎండు పదార్థంలో మాంసకృత్తులు లెట్యూస్‌కు నూటికి సుమారు 20, డాండిలయన్‌కు సుమారు 19. పీచు లెట్యూస్‌కు నూటికి 27, డాండిలయన్‌కు 24. భాస్వరం, 100 గ్రాముల ఎండు పదార్థానికి, రెంటిలోను ఇంచుమించు 455 మిల్లీగ్రాములే. ఇంతవరకు రెండు ఆకులకు భేదం లేదనే చెప్పవచ్చును. అసలు భేదం కాల్షియంలో ఉన్నది. అదే లెక్కన లెట్యూస్‌లో అది సుమారు 410 మిల్లీగ్రాములు. డాండిలయన్‌లో సుమారు 1,300 మిల్లీగ్రాములు, అనగా మూడు రెట్లకు పైగా ఎక్కువ.

దీనిని బట్టి రెండు విషయాలు తేలుతున్నవి. ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నీరు తప్ప ఏమీ లేదన్న మాట సరికాదు. అయినా ఎదిగే తాబేలుకు అదొక్కటే మేతగా పెట్టటం హానికరమే. ఎందుకంటే అందులో కాల్షియం భాస్వరం కంటె తక్కువ. తాబేలు మేతలో కాల్షియం భాస్వరానికి కనీసం రెట్టింపు ఉండవలెనని సాధారణంగా చెబుతారు. డాండిలయన్‌లో అది 2.8 రెట్లు. టొమాటోలో కాల్షియం 10 మిల్లీగ్రాములైతే భాస్వరం 24. అరటిపండులో 5 కు 22. భాస్వరం మితిమీరి కాల్షియం చాలకపోతే, రక్తంలో కాల్షియం మట్టం నిలుపుకొనటానికి శరీరం దానిని ఎముకలనుండి లాగుకొంటుంది. పెంకు మెత్తబడటానికి ఇది ముఖ్య కారణం. పట్టిక చెప్పిన నిషేధం ఒప్పే గాని, చెప్పిన కారణం తప్పు. కారణం తప్పయితే, దానిని నమ్మినవాడు లెట్యూస్ మానివేసి, నీరు తక్కువ గదా అని అరటిపండు పెడతాడు. కాల్షియం విషయంలో అది మరింత హీనమని అతనికి తెలియదు.

వైట్ కాలపు లెట్యూస్ ఐస్‌బర్గ్ కాదని కూడ గుర్తుంచుకోవలెను. ఆ పేరుగల రకం అమెరికాలో 1890 తరువాతి సంవత్సరాలలో అమ్మకానికి వచ్చినది. వైట్ చూచిన లెట్యూస్ కాడ త్రుంచితే పాలు కారే రకం. లెట్యూస్, డాండిలయన్, సోథిసిల్ మూడూ పొద్దుతిరుగుడు కుటుంబంలోని ఒకే తెగకు చెందిన మొక్కలు. వైట్ ఒక కూరగాయను గాక, ఒక తెగ మొక్కలను పేర్కొన్నాడన్నమాట. తరువాతి పట్టికలు ఆ తెగను విడిచి, ‘లెట్యూస్’ అన్న మాటను మాత్రం పట్టుకొన్నవి.

వైట్ మాటకు కూడ ఒక హద్దు ఉన్నది. ‘పాలుగారే మొక్కలు తాబేలుకు ఇష్టం’ అన్నది ససెక్స్‌లోని తోటకు సరిపోయిన మాట. దానినే సూత్రంగా పట్టుకొని తెలుగు దేశంలో ఆచరిస్తే ప్రమాదం. ఇక్కడ పాలుగారే మొక్క అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది జిల్లేడు. జిల్లేడు పాలలోను, గన్నేరులోను గుండెను దెబ్బతీసే విషాలున్నవి. పరిశీలన ఎంత మంచిదైనా, అది జరిగిన స్థలాన్ని, అందులోని మొక్కల కుటుంబాన్ని చెప్పకుండ మరొక చోటికి తీసుకొనిపోరాదు.

పట్టికలలోని మూడు లోపాలు

ఈనాటి పట్టికలలో మొట్టమొదటి లోపం, అవి తాబేలు జాతిని అడగకపోవటం. నేల మీద నివసించే తాబేళ్ళు అన్నీ ఒకే విధంగా తినవు. తిమోతి మధ్యధరా సముద్ర తీరాలకు చెందిన జాతిది. ఆ జాతి ఎండిన కొండనేలలలో మొలిచే కలుపు మొక్కల మీద బ్రతుకుతుంది. దక్షిణ అమెరికాలోని ఎర్రకాళ్ళ తాబేలు అడవులలో రాలిన పండ్లను విరివిగా తింటుంది. ఆఫ్రికాలో సహారా ఎడారి అంచున నివసించే సల్కాటా తాబేలుకు గడ్డి ప్రధానం. ‘తాబేలుకు పండ్లు పెట్టరాదు’ అనే వాక్యం మొదటిదానికి, మూడవదానికి సరిపోతుంది, రెండవదానికి సరిపోదు. జాతి పేరు లేని పట్టిక, రోగి పేరు లేని మందుచీటి వంటిది.

రెండవ లోపం, ఒక పోషక పదార్థాన్ని దోషిగా నిర్ణయించి అన్నిటికీ దానినే బాధ్యురాలిని చేయటం. చాలకాలం ఆ దోషి మాంసకృత్తులు. ఇండ్లలో పెరిగే తాబేళ్ళ పెంకు మీది పలకలు చదునుగా ఉండక గోపురాలవలె పైకి లేస్తాయి. మాంసకృత్తులు ఎక్కువైనందువలననే ఇది జరుగుతుందని అనేక పుస్తకాలలో వ్రాశారు. వీస్నర్, ఇబెన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనిని ప్రయోగం చేసి చూశారు. ఏబది పిల్ల సల్కాటా తాబేళ్ళను గుంపులుగా విభజించి, మాంసకృత్తుల పాళ్ళను, గాలిలోని తేమను వేరువేరుగా మార్చి, ఐదు నెలలు పెంచినారు. 2003లో ప్రకటించిన వారి ఫలితాలు ఇవి: పొడిగాలిలో పెరిగినవాటి పెంకులు ఎక్కువగా గోపురాలు లేచినవి, మాంసకృత్తులు హెచ్చించినా తగ్గించినా కలిగిన ప్రభావం చాల స్వల్పం. ప్రయోగం ఒక్క జాతి మీద, ఐదు నెలలు మాత్రమే జరిగిన మాట నిజమే. కాని దానికి ముందు ఉన్న నమ్మకానికి ఆ మాత్రం ప్రయోగపు ఆధారం కూడ ఉన్నట్లు ఆ పట్టికలు చూపలేదు.

అడవిలో పరిశీలన కూడ ఇదే దారిని చూపుతున్నది. అమెరికాలోని మొహావీ ఎడారిలో పిల్ల తాబేళ్ళు వసంతకాలంలో ఏయే మొక్కలను కొరుకుతున్నవో ఆఫ్టెడాల్, ఆయన సహచరులు లెక్కించి 2002లో ప్రకటించినారు. కళ్ళ ముందున్న మొక్కలన్నిటినీ అవి తినలేదు. నీరు, మాంసకృత్తులు ఎక్కువగాను, పొటాసియం తక్కువగాను ఉన్న మొక్కలను, మొక్కలలోని భాగాలను ఏరుకొని తిన్నవి. దీనికి కారణం ఉన్నది. సముద్ర పక్షులకు ఉన్నట్లు ఎడారి తాబేలుకు ఉప్పును వెలికి నెట్టే గ్రంథులు లేవు. అధికమైన పొటాసియాన్ని అది యూరిక్ ఆమ్లపు లవణంగా మార్చి విసర్జించవలెను. ఆ లవణంలో నత్రజని ఉన్నది. నత్రజని వచ్చేది మాంసకృత్తులనుండి. కాబట్టి పొటాసియం ఎక్కువైన మేత తిన్న తాబేలు తన మాంసకృత్తులను, నీటిని దానిని వదిలించుకొనటానికే ఖర్చు చేసుకొంటుంది. మాంసకృత్తులు విషమని పట్టిక చెబుతుంటే, ఎడారిలోని పిల్ల తాబేలు వాటినే వెదకుకొంటున్నది. ఇంత మాత్రాన తాబేలుకు కుక్కల కోసం డబ్బాలలో అమ్మే మాంసం పెట్టవచ్చునని కాదు. ఆకులోని మాంసకృత్తులు పీచుతోను, కాల్షియంతోను, నీటితోను కలిసి వస్తాయి. ఆ కలయికను చూడకుండ ఒక్క అంకెను వేరుచేసి భయపెట్టటమే తప్పు.

రసాయన విశ్లేషణ సరిగా ఉన్నా, దానిని చదవటంలో పొరపాటు జరగవచ్చును. పాలకూర 100 గ్రాములలో కాల్షియం 99 మిల్లీగ్రాములు, భాస్వరం 49 మిల్లీగ్రాములు ఉన్నట్లు అవే అమెరికా పట్టికలు చెబుతున్నవి. నిష్పత్తి రెండుకు ఒకటి, చూడటానికి శ్రేష్ఠమైనది. కాని పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం అధికం. అది కాల్షియంతో కలిసి కరగని పదార్థంగా మారుతుంది. ఆకులో కాల్షియం ఉన్నది. కాని ప్రేగులనుండి రక్తంలోకి చేరేది కొద్ది మాత్రమే. అంకె ఆకును గూర్చి చెబుతుంది గాని, జంతువును గూర్చి చెప్పదు.

మూడవ లోపం సాక్ష్యానికి సంబంధించినది. ‘ఫలానావారి తాబేలు ఇరువది ఏండ్లుగా రొట్టె, పాలు తింటున్నది, నిక్షేపంగా ఉన్నది’ అన్న మాట ఇంగ్లండులో ఒకప్పుడు సర్వసాధారణం. మధ్యధరా దేశాలనుండి అక్కడికి తాబేళ్ళను పెద్ద ఎత్తున దిగుమతి చేసేవారు. ఐరోపా ఆర్థిక సముదాయపు నిబంధనల వలన 1984లో ఆ వ్యాపారం ఆగిపోయింది. అంతవరకు చనిపోయిన తాబేలుకు బదులు అంగడిలో మరొకటి తేలికగా దొరికేది. చనిపోయినవాటి లెక్క ఎవరూ వ్రాయలేదు. బ్రతికినవి మాత్రమే సాక్ష్యానికి మిగిలినవి. బ్రతికినవాటిని మాత్రమే లెక్కించి మేతను మెచ్చుకొనటం, పరీక్షలో ఉత్తీర్ణులైనవారిని మాత్రమే పిలిచి పాఠశాల బోధన ఎట్లున్నదని అడగటం వంటిది.

జోనథన్ ఉదాహరణ

పట్టికను గాక జంతువును చూచి మేతను నిర్ణయించినందువలన కలిగిన మేలుకు మంచి ఉదాహరణ సెయింట్ హెలీనా దీవిలోని జోనథన్. సీషెల్స్ ద్వీపాలకు చెందిన ఈ పెద్ద తాబేలును 1882లో, అప్పటికే పూర్తిగా ఎదిగిన దానిని, అక్కడికి తెచ్చినారు. 1832 ప్రాంతంలో పుట్టి ఉంటుందని అంచనా వేసి, 2022లో దానికి 190వ జన్మదినం జరిపినారు. గవర్నరు నివాసపు పచ్చికలో మేస్తూ జీవించిన ఈ తాబేలు ముసలితనంలో చూపును, వాసన పసిగట్టే శక్తిని కోల్పోయింది. మేత ఎక్కడ ఉన్నదో తెలుసుకోలేక చిక్కిపోయింది. దాని ముక్కు మొద్దుబారి, గడ్డిని కోయటానికి పనికిరాకుండ పోయింది. అక్కడి పశువైద్యుడు వారానికి ఒకసారి పండ్లు, కూరగాయలు స్వయంగా నోటికి అందించటం మొదలుపెట్టాడు. కొంతకాలానికి ముక్కు మళ్ళీ పదునెక్కింది; జంతువు తేరుకొన్నది.

అరటిపండు, క్యారట్ మొదలైనవి అనేక పట్టికలలో నిషిద్ధాలు. జోనథన్‌కు అవే ఔషధమైనవి. పట్టిక తప్పని గాని, అరటిపండు అన్ని తాబేళ్ళకు మంచిదని గాని దీని అర్థం కాదు. ఎదిగే పిల్లకు కాల్షియం ముఖ్యం. కళ్ళు కనబడని ముసలిదానికి శక్తినిచ్చే ఆహారం, సూక్ష్మ పోషకాలు ముఖ్యం. ఆ వైద్యుడు మొదట ముక్కును చూశాడు. తరువాత మేతను నిర్ణయించాడు. పట్టిక ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తుంది.

తెలుగు పాఠశాలలకు వర్తించే మాట

ఈ విమర్శ చదివి తాబేలును తెచ్చి పెంచాలన్న కుతూహలం విద్యార్థులలో కలగటం సహజం. ఆ విషయం స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. రాయలసీమలోని ముళ్ళపొదల మెట్ట నేలలలో కనబడే నక్షత్ర తాబేలును పట్టటం, ఇంట్లోగాని బడిలోగాని ఉంచుకొనటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అంతర్జాతీయ వ్యాపారంలో కూడ 2019లో దానిని అత్యంత కఠినమైన రక్షణ గల జాబితాలో చేర్చినారు. ఇంట్లో తాబేలు ఉంటే కలిసివస్తుందన్న నమ్మకం వలన, అందమైన పెంకు వలన ఈ జంతువు ఎక్కువగా దొంగరవాణాకు గురి అయినది. నక్షత్ర తాబేలు పెంకు అడవిలోనే సహజంగా గోపురాలు గోపురాలుగా ఉంటుంది. దానిని చూచి ఆహారలోపమని అనుకోరాదు. జాతిని అడగకుండ రోగాన్ని నిర్ణయించటంలోని ప్రమాదానికి ఇది మరొక నిదర్శనం. పొలంలో గాయపడిన తాబేలు కనబడితే అన్నమో, రొట్టెయో పెట్టి ఇంటికి తెచ్చుకోక, అటవీ శాఖవారికి తెలియజేయవలెను. విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి చట్టం అనుమతించిన చోట తాబేళ్ళను పెంచుతుంటే, వారికి ఈ వ్యాసంలోని విషయాలు నేరుగా పనికివస్తాయి.

ఇతర విద్యార్థులకు తాబేలు లేకుండానే ఈ పాఠం నేర్పవచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల విశ్లేషణ పట్టికలను ప్రకటించినది. అందులో తెలుగువారు తినే ఆకుకూరల వివరాలు ఉన్నవి. వాటినుండి తోటకూర, పాలకూర, మునగాకు, కోసుకూర తీసుకొని, నీరు తీసివేసి లెక్క వేయమని విద్యార్థులకు చెప్పవచ్చును. పచ్చి బరువు మీద వచ్చిన వరుస ఎండు బరువు మీద ఎట్లు మారుతుందో వారే చూస్తారు. ఆ తరువాత ఏ ప్రకటనలోనైనా ‘ఈ ఆహారంలో ఫలానా పోషకం మూడింతలు’ అని చదివినప్పుడు, ‘దేనిలో మూడింతలు?’ అని వారు అడగగలుగుతారు.

మేలైన ఆహార సలహా ఎట్లుండవలెను?

పైని చెప్పినదంతా పట్టికలను పారవేయమనటం కాదు. కాల్షియం, భాస్వరం, ఆక్సాలిక్ ఆమ్లం, విటమిన్ డి అనే మాటలు వైట్‌కు తెలిసి ఉంటే ఆయన లేఖలు ఇంకా ప్రయోజనకరంగా ఉండేవి. ఆయన లోపం అదే. ఇష్టంగా తినటానికి, మేలు చేయటానికి తేడా ఉన్నదని ఆయన విచారించలేదు. తాబేలు ఎర్రని పండును చూచి పరుగెత్తినంత మాత్రాన అది దానికి మంచిదని చెప్పలేము. తోటలో మొలిచిన మొక్కలే తిమోతికి దొరికినవి కాబట్టి దాని ఇష్టం చాలవరకు దానికి మేలే చేసింది. బల్ల మీద తరిగిపెట్టిన పండ్లముక్కల ముందు ఏ తాబేలు ఇష్టాన్నీ అంతగా నమ్మరాదు.

కాబట్టి తాబేలు ఆహారాన్ని గూర్చిన ఏ వ్రాతనైనా ఉపాధ్యాయులు ఐదు ప్రశ్నలతో పరీక్షించవచ్చును. ఏ జాతి తాబేలును గూర్చి చెబుతున్నారు? అది ఏ వయస్సుది? ఏ ఋతువులో, ఎంత ఎండలో ఆ మేత పెట్టినారు? కారణంగా చూపిన అంకె పచ్చి బరువు మీదనా, ఎండు బరువు మీదనా? మేత మేలు చేసిందనటానికి ఎన్ని జంతువులను, ఎన్ని ఏండ్లు, బరువును పెంకును కొలుస్తూ చూశారు? రెండువందల ఏండ్లకు పూర్వం వ్రాసిన వైట్ లేఖలు వీటిలో మూడవ ప్రశ్నకు చక్కని సమాధానం ఇస్తాయి. చివరిదానికి, ఒకే జంతువు విషయంలో, పాక్షికంగా ఇస్తాయి. ఈనాటి పట్టికలలో అనేకం ఈ రెండు ప్రశ్నలనూ వేసుకొననే లేదు. రెంటిలోని మంచిని కలిపి, జాతికొక పట్టిక, పట్టికలో నెలకొక గడి, ప్రతి నిషేధానికి ఎదురుగా దాని కారణం, ఆ కారణానికి ఆధారం వ్రాసినప్పుడే అది శాస్త్రీయమైన ఆహార సలహా అనిపించుకొంటుంది.